దినచర్యల అంచుల్లో ఒక కుటుంబం: సకగావియా జీవిత కథనాల విమర్శనాత్మక పరిశీలన

వ్యాససారాంశం:
1804-1806 మధ్య మెరివెదర్ లూయిస్, విలియం క్లార్క్ నాయకత్వంలో పసిఫిక్ తీరానికి సాగిన అన్వేషణ యాత్రలో సకగావియా అనే షొషోనీ యువతి పాల్గొన్నది. ఆమె స్వయంగా రాసినదేదీ లేదు. ఆమె కుటుంబజీవితం ఇతరుల దినచర్యల్లో, లెక్కల పత్రాల్లో, వంశస్థుల మౌఖిక కథనాల్లో మాత్రమే లభిస్తుంది. ఈ మూడు ఆధారాల స్వభావాన్ని, పరిమితులను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: సకగావియా, షొషోనీ, దినచర్య, దుబాసీ, మౌఖిక చరిత్ర, కుటుంబం.

1. ప్రవేశిక:
సకగావియాను యాత్రికులకు దారి చూపిన వీరవనితగా కీర్తించే సంప్రదాయం ఇరవయ్యో శతాబ్దారంభంలో బలపడింది. ఇవా ఎమరీ డై 1902లో ప్రచురించిన నవల అందుకు ప్రధాన దోహదం చేసింది. అమెరికా ప్రభుత్వం 2000లో విడుదల చేసిన డాలరు నాణెం మీద బిడ్డను వీపున మోస్తున్న ఆమె రూపం ఉన్నది. ఈ కీర్తి ఆమెను తల్లిగా చూపుతూనే ఆమె కుటుంబాన్ని కనుమరుగు చేసింది. ఆమె ఎవరి కూతురు, ఎవరి చెల్లెలు, ఏ పరిస్థితుల్లో భార్య అయింది అనే ప్రశ్నలు వీరగాథకు అవసరం లేకపోయాయి.

2. బందీ నుంచి భార్యగా:
సకగావియా సుమారు 1788లో నేటి ఇడహో రాష్ట్రంలోని లెమ్హై షొషోనీ తెగలో జన్మించిందని అధిక సంఖ్యాక పరిశోధకుల అభిప్రాయం. సుమారు 1800లో హిదాట్సా యోధులు ఆమెను చెరపట్టి, నేటి ఉత్తర డకోటాలోని నైఫ్ నది గ్రామాలకు తీసుకొనిపోయారు. అక్కడ టుస్సాన్ షార్బొనో అనే ఫ్రెంచ్ కెనడియన్ వ్యాపారి ఆమెను భార్యగా చేసుకున్నాడు. అతనికి మరొక షొషోనీ భార్య కూడా ఉన్నది. ఈ సంబంధంలో ఆమె సమ్మతికి తావున్నట్లు చెప్పే ఆధారం లేదు. కనుక దీనిని 'వివాహం' అని మాత్రమే పేర్కొని ముందుకు సాగడం విమర్శకుడు చేయదగిన పని కాదు.

1805 ఫిబ్రవరి 11న ఆమెకు జాన్ బాప్టిస్ట్ జన్మించాడు. ఇది ఆమెకు తొలి కాన్పు అని, నొప్పులు తీవ్రంగా ఉన్నాయని లూయిస్ నమోదు చేశాడు. ఆ బిడ్డకు రెండు నెలలు నిండకముందే, ఏప్రిల్ 7న, యాత్ర పడమటికి కదిలింది.

3. మౌనానికి చెప్పిన అర్థం:
1805 జూలై 28 నాటి లూయిస్ రాత ఈ చర్చకు కీలకం. ఐదేళ్ల క్రితం దాడికి వచ్చిన హిదాట్సాల కంటపడినప్పుడు షొషోనీలు విడిది చేసిన చోటనే ఆనాడు బృందం దిగింది. ఆ దాడిలో నలుగురు పురుషులు, నలుగురు స్త్రీలు, కొందరు బాలురు హతులయ్యారని అతడే రాశాడు. అయినా ఆమెలో దుఃఖం గానీ, స్వదేశానికి చేరుతున్న సంతోషం గానీ కనిపించలేదని, తిండి, కొన్ని అలంకారాలు ఉంటే ఆమె ఎక్కడైనా తృప్తిపడుతుందని తీర్మానించాడు.

మూడు వారాలు గడవకముందే ఆ తీర్మానాన్ని అతని దినచర్యే ఖండించింది. ఆగస్టు 17న తెగ నాయకుడు కామియావైట్ ఆమె సోదరుడని తేలింది. ఆ కలయిక హృదయాన్ని కదిలించిందని, ముఖ్యంగా తనతోపాటు చెరపట్టబడి తర్వాత తప్పించుకున్న స్త్రీని ఆమె కలుసుకున్న తీరు అలాంటిదని లూయిస్ రాశాడు. అన్నను గుర్తించి ఆమె కన్నీరు పెట్టిన ప్రసిద్ధ ఘట్టం 1814లో నికొలస్ బిడిల్ సంకలనం చేసిన ప్రచురణలో విస్తరించింది. కుటుంబంలో చాలామంది మరణించారని, అక్క కొడుకును ఆమె దత్తత తీసుకున్నదని కూడా ఆ గ్రంథమే చెబుతుంది. జూలైలో కనిపించని దుఃఖం ఆగస్టులో కొత్తగా పుట్టినది కాదు. పరాయి పురుషుల నడుమ ఆమె పాటించిన మౌనాన్ని లూయిస్ భావరాహిత్యంగా చదివాడు.

4. భర్త మీదుగా సాగిన మాట:
షొషోనీ మాటను సకగావియా హిదాట్సా భాషలోకి, దానిని షార్బొనో ఫ్రెంచిలోకి, దానిని లబీష్ ఇంగ్లీషులోకి మార్చేవారు. అంటే ఆమె మాట భర్త నోటి మీదుగానే దొరలకు చేరింది. ఆగస్టు 25 నాటి సంఘటన ఈ ఏర్పాటులోని ప్రమాదాన్ని చూపుతుంది. షొషోనీలు గుర్రాల విషయంలో తమ మాట పక్కనపెట్టి వేటకు వెళ్లనున్నారని ఆమె భర్తకు ఉదయమే చెప్పినా, అతడు మధ్యాహ్నం వరకు లూయిస్‌కు తెలియజేయలేదు. స్వజనం ఆలోచనను బయటపెట్టడం ఆమెకు ఎంత కష్టమైన నిర్ణయమో దినచర్య పట్టించుకోదు. అంతకు ముందు, ఆగస్టు 14న, షార్బొనో భార్యను కొట్టగా క్లార్క్ మందలించాడు. యాత్రాంతంలో షార్బొనోకు గుర్రం, గుడారం ఖరీదుతో కలిపి 500 డాలర్లకు పైగా ముట్టింది. ఆమెకు వేతనం లేదు. ఆమె సేవకు తగిన ప్రతిఫలం ఇవ్వలేకపోయామని క్లార్క్ 1806 ఆగస్టు 20 నాటి లేఖలో అంగీకరించాడు. ఆ లేఖ కూడా భర్తకు రాసినదే.

5. మరణం: పత్రం, జ్ఞాపకం:
1812 డిసెంబర్ 20న మాన్యుయెల్ కోటలో షార్బొనో భార్య అయిన షొషోనీ స్త్రీ జ్వరంతో మరణించిందని, ఆడశిశువును విడిచి వెళ్లిందని జాన్ లుట్టిగ్ రాశాడు. పేరు రాయలేదు. షార్బొనోకు ఇద్దరు షొషోనీ భార్యలు ఉండటమే ఇక్కడి సందేహానికి మూలం. అయితే 1813లో పసిపాప లిసెట్‌కు క్లార్క్ సంరక్షకుడు కావడం, 1825-28 నాటి తన పద్దు పుస్తకంలో అతడే సకగావియా మరణించిందని నమోదు చేయడం 1812 వాదానికి బలమిస్తాయి.

దీనికి భిన్నంగా ఆమె కోమాంచీల మధ్య జీవించి, 1884లో వయోమింగ్‌లోని విండ్ రివర్‌లో మరణించిందనే కథనాన్ని గ్రేస్ రేమండ్ హెబర్డ్ 1933లో గ్రంథస్థం చేసింది. బిడిల్ పేర్కొన్న దత్తపుత్రుడే అక్కడి బాజిల్ అని ఆమె వాదం. అక్కడి బాప్టిస్ట్‌ను సకగావియా కన్నకొడుకుగా గుర్తించడం మాత్రం నిలవదు. జాన్ బాప్టిస్ట్ 1866లో ఆరెగాన్‌లో మరణించాడు. సకగావియా పుట్టుకతోనే హిదాట్సా అని, 1869 వరకు జీవించిందని ఆ జాతి పెద్దల కథనాల ఆధారంగా 2021లో మరొక గ్రంథం వెలువడింది.

6. ముగింపు:
మరణ సంవత్సరం విషయంలో లిఖితాధారాలు 1812 వైపే మొగ్గుతున్నాయి. ఆ నిర్ణయంతో మౌఖిక కథనాల విలువ ముగిసిపోదు. దినచర్యలు ఆమెను 'దుబాసీ భార్య'గా నమోదు చేశాయి. మౌఖిక కథనాలు అమ్మగా, అమ్మమ్మగా, తమ ఇంటి ఆడబిడ్డగా తలచుకున్నాయి. తేదీ కోసం పత్రాన్ని, బంధుత్వపు విలువ కోసం జ్ఞాపకాన్ని ఆశ్రయించడం పరస్పర విరుద్ధం కాదు. పత్రం రాసినవారు ఆమె మౌనాన్ని అర్థం చేసుకోలేకపోయారని వారి పత్రమే సాక్ష్యం చెబుతున్నప్పుడు, అందులోని తీర్పులను వాస్తవాలుగా స్వీకరించకపోవడం పరిశోధకుని కనీస బాధ్యత.