కుంగ్‌ఫూ హాస్యచిత్రములు, విఠలాచార్య జానపదములు: ఒక తులనాత్మక పరిశీలనము

చలనచిత్ర విమర్శకులు సాధారణముగా రెండు విధములైన చిత్రములను గూర్చియే వ్రాయుదురు. మొదటివి ఉత్తమములని పేరు గన్నవి. రెండవవి అపారమైన ధనవ్యయముతో నిర్మింపబడినవి. ఈ రెంటను చేరక, స్వల్పవ్యయముతో తయారై, పండితుల ఉపేక్షకు పాత్రములై, ప్రజలు మాత్రము మరల మరల చూచు చిత్రములు కొన్ని కలవు. 1970, 80 దశకములలో హాంకాంగున వెలసిన కుంగ్‌ఫూ హాస్యచిత్రములు అట్టివి. తెలుగున వానికి దగ్గఱి చుట్టములు బి. విఠలాచార్య జానపద చిత్రములు. వీని వింత ఆకర్షణకు మూలమేమి? చవుకబారుతనమును జూచి నవ్వుటయే వీనిలోని రసమని పలువురందురు. ఆ మాట సగము కూడ నిజము కాదని చూపుటయే ఈ వ్యాసోద్దేశము.

బెంగుళూరు నగరపు ఆగ్నేయభాగమునందలి హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ ఇట్టి పరిశీలనకు అనువైన తావు. హొసూరు, సర్జాపుర రహదారుల పేళ్లను మూడక్షరములకు కుదింపగా ఏర్పడినది ఆ పేరు. అచ్చటి తెలుగు ఇండ్లలోని పిల్లలు వీథిలో కన్నడమును, బడిలో ఆంగ్లమును, ఇంట తెలుగును, తెరపై హిందీని వినుచు పెరుగుదురు. తాతగారికి కత్తి కాంతారావు, మనుమనికి జాకీ చాన్. అయినను ఒకరి చిత్రమును చూచి మరొకరు నవ్వగలరు. భాష రాకున్నను, కథ తెలియకున్నను ఆ నవ్వునకు లోటు రాదు. రెండు తరములను, రెండు దేశములను ఇట్లు కలుపు గుణమును కేవలము చవుకబారుతనమని త్రోసిపుచ్చుట విమర్శ అనిపించుకొనదు.

మొదట పదమును పరిశీలింతము. కుంగ్‌ఫూ అను చీనా పదమునకు మూలార్థము పోరాటము కాదు. దీర్ఘకాలపు శ్రమచే అలవడిన నేర్పు అని దాని భావము. మంచి వంటవానికిని, మంచి లేఖకునికిని ఆ మాట చెల్లును. తెలుగున దానికి దగ్గఱి మాట సాము. సాము చేయుట అనగా కొట్టుట కాదు. కొట్టగలవాడగుటకు ముందు ఏండ్ల తరబడి దేహమును వంచుట. కుంగ్‌ఫూ హాస్యచిత్రములలో కథ ఎంత పలుచనిదైనను ఈ మూలార్థమును మాత్రము అవి విడువలేదు. వానిలోని నవ్వంతయు నేర్పు లేనివానికిని నేర్పు కలవానికిని నడుమనున్న దూరము నుండి పుట్టినదే.

చరిత్ర కొంత చెప్పవలసియున్నది. 1973 జూలై 20వ తేదీన బ్రూస్ లీ మరణించెను. అతని చిత్రములలోని వీరుడు కోపమూర్తి, ఓటమి యెఱుగనివాడు. అతని వెనుక అతని పేరును, రూపమును అనుకరించు చిత్రములు అనేకములు వచ్చినవి కాని అతని స్థానము నిండలేదు. 1975లో లౌ కార్ లియుంగ్ దర్శకుడై నిర్మించిన ‘ది స్పిరిచువల్ బాక్సర్’ హాస్యమునకు బాట వేసెను. 1978లో యువెన్ వూ పింగ్ దర్శకత్వమున ‘స్నేక్ ఇన్ ది ఈగిల్స్ షాడో’, ‘డ్రంకెన్ మాస్టర్’ అను రెండు చిత్రములు వెలువడినవి. రెంటను నాయకుడు జాకీ చాన్. రెంటను గురువు వేషమును ధరించినవాడు దర్శకుని తండ్రియే. బ్రూస్ లీ అనుకర్తగా రాణింపని జాకీ చాన్, దెబ్బ తగిలినచో నొచ్చుకొనువానిగా, భయపడినచో పరుగెత్తువానిగా తెర కెక్కినపుడు ప్రజలకు ఆప్తుడయ్యెను.

‘డ్రంకెన్ మాస్టర్’ చిత్రమున నాయకుని పేరు వాంగ్ ఫే హుంగ్. ఇతడు కల్పితుడు కాడు. 19వ శతాబ్దిలో జన్మించి 1925 వఱకు జీవించిన వైద్యుడు, మల్లవిద్యాగురువు. 1949 మొదలుకొని క్వాన్ టాక్ హింగ్ అను నటుడు పదులకొలది చిత్రములలో ఆ పాత్రను పెద్దమనిషిగా, ధర్మమూర్తిగా చూపియుండెను. అట్టి పూజ్యుని యువెన్ వూ పింగ్ అల్లరి పిల్లవానిగా, తండ్రి మాట విననివానిగా చూపెను. తెలుగు ప్రేక్షకునకు ఈ పద్ధతి క్రొత్త కాదు. తోలుబొమ్మలాటలో రామరావణుల నడుమకు కేతిగాడును, జుట్టుపోలిగాడును, బంగారక్కయు దూకి కథను నేలకు దించుదురు. దానివలన రాముని గౌరవము తగ్గదు. దేవుని కథకును, ఊరివాని బ్రతుకునకును చుట్టఱికము కలుగును. పూజ్యుడు ఒకప్పుడు పనికిమాలిన పిల్లవాడే యని చెప్పుటలో ప్రతి పనికిమాలిన పిల్లవానికిని ఒక ఆశ కలదు.

ఇక శిక్షణ ఘట్టమును చూడుడు. శిష్యుని గురువు తలక్రిందులుగా వ్రేలాడదీయును. క్రింది పాత్రలోని నీటిని చిన్న గిన్నెలతో ముంచి, నడుము వంచి పైకి లేచి, పై పాత్రలో పోయవలెను. ప్రేక్షకుడు నవ్వును. కాని ఆ నవ్వునకు వెనుక ఒక నివ్వెఱపాటు కలదు. ఏలయన ఆ వంగుచున్న నడుము నటుని నడుమే. వెనుకనున్న గోడ అట్టగోడ కావచ్చును, గురువు గడ్డము అతికించినది కావచ్చును, కత్తి మొద్దుది కావచ్చును. శ్రమ ఒక్కటి మాత్రము అబద్ధము కాదు. చుట్టునున్నదంతయు బాహాటముగా కృత్రిమమగుటచే ఆ ఒక్క నిజము మఱింత ప్రకాశించును. పేద తెరపై దేహమొక్కటే సంపద. ఈ చిత్రముల వింత ఆకర్షణకు ప్రథమకారణ మిదియే.

రెండవ కారణము ఆయుధముల యందు కలదు. ఈ చిత్రములలో బల్ల, పీట, గిన్నె, కుండ, తినుచున్న పుల్లలు సైతము ఆయుధములగును. వ్యయము తక్కువ గనుక అందుబాటులోనున్న వస్తువుతోనే పోరు సాగవలెను. ఈ నిర్బంధమే కల్పనకు మూలమైనది. ధనికుని యుద్ధమునకు ఆయుధాగారము వలయును. పేదవాని యుద్ధమునకు వంటయిల్లు చాలును. చూచువాని యింటను అవే వస్తువులున్నవి గనుక, చిత్రము ముగిసిన పిమ్మట తన ఇంటి పీట కూడ అతనికి క్రొత్తగా కనుపించును.

మూడవది గుణపాఠము. గురువు ఎనిమిదిమంది తాగుబోతు సిద్ధుల పేర ఎనిమిది పట్లు నేర్పును. ఎనిమిదవది స్త్రీసిద్ధురాలి పట్టు. అది ఆడుదాని నడక యని చిన్నచూపు చూచి శిష్యుడు దానిని అభ్యసింపడు. చివరిపోరున తండ్రి ప్రాణము మీదికి వచ్చినపుడు మిగిలిన పట్లు చాలకపోవును. తాను వెక్కిరించిన ఆ పట్టునే అప్పటికప్పుడు తనదిగా కల్పించుకొని గెలువవలసి వచ్చును. ప్రేక్షకుడు నడకను జూచి నవ్వుచునే యుండును. చిత్రము మాత్రము ఎగతాళి చేసిన విద్యయే ప్రాణము నిలిపినదని చెప్పి ముగియును. నీతిని నీతిగా చెప్పని ఈ నేర్పు గొప్ప హాస్యరచనలకే సాధ్యము.

ఈ నటుల నేర్పు చలనచిత్రశాలలలో పుట్టినది కాదు. జాకీ చాన్, సామో హంగ్, యువెన్ బియావ్ మువ్వురును యు జిమ్ యుయెన్ నడపిన పీకింగు నాటకపాఠశాలలో బాల్యము నుండి పెరిగినవారు. పాట, పల్టీ, కత్తిసాము అచ్చట ఒకే విద్య. తెలుగునాట ఇట్టి కుటుంబనాటకవృత్తికి ఉదాహరణము సురభి. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున వనారస గోవిందరావు ‘కీచకవధ’తో ఆరంభించిన ఆ నాటకసమాజమున పిల్లలు రంగస్థలము మీదనే నడక నేర్తురు. వారి పూర్వులు తోలుబొమ్మలాడించినవారు. వారి మూలము మరాఠీ. ఇంటిభాష ఒకటి, రంగస్థల భాష తెలుగు. ఆకాశగమనములు, అగ్నివర్షములు, మాయలు వారి నాటకములకు ప్రాణములు.

విఠలాచార్య కథయు ఇట్టిదే. అతడు ఉడుపి ప్రాంతమునందలి ఉద్యావర వాడు. కన్నడ చిత్రములతో ఆరంభించి తెలుగునకు వచ్చెను. ‘బందిపోటు’ (1963), ‘అగ్గిపిడుగు’ (1964), ‘అగ్గిబరాటా’ (1966), ‘చిక్కడు దొరకడు’ (1967) మొదలగు చిత్రములతో ‘జానపదబ్రహ్మ’ యని పేరు గాంచెను. నటుడు పిలిచిన దినమున రానిచో ఆ పాత్రను శాపముచే చిలుకనో, మేకనో చేసి కథ నడపెడివాడని చిత్రసీమలో చెప్పుకొందురు. మాట నిజమైనను కాకున్నను అది అతని కళాసూత్రమును తెలుపుచున్నది: లోటునే మాయగా మలచుట. ‘డ్రంకెన్ మాస్టర్’ వెలువడిన 1978లోనే అతని ‘జగన్మోహిని’యు వెలువడినది. అందు దయ్యము కట్టెలకు మాఱుగా తన కాలినే పొయ్యిలో పెట్టి వంట చేయును. వంటయిల్లే రంగస్థలమగుట ఇచ్చటను చూడదగును.

అయితే రెంటికిని భేదము కలదు. హాంకాంగు చిత్రమున పరిసరము కృత్రిమము, దేహము నిజము. విఠలాచార్య చిత్రమున దేహపు నేర్పు స్వల్పము. నిజమైనది కథకుని విశ్వాసము. ఆ దయ్యమును చూపుటలో అతడు కన్ను గీటడు, వెక్కిరింపడు. అమ్మమ్మ పిల్లలకు కథ చెప్పునప్పటి గంభీరతయే అతనికి కలదు. కావున రెంటియందును నవ్వు పుట్టినను, మొదటిదాని వెనుక శ్రమపై గౌరవమును, రెండవదాని వెనుక కథపై నమ్మకమును నిలిచియున్నవి. ఈ రెండును లేక ఉద్దేశపూర్వకముగా చెడ్డగా తీసి నవ్వించ జూచు అనుకరణములు ఒక్కసారి చూచిన పిమ్మట మఱచిపోబడుటకు కారణ మిదియే.

ధనము వచ్చిన పిమ్మట ఏమైనదో చూచుటకు దూరము పోనక్కఱలేదు. 2005లో వచ్చిన జాకీ చాన్ చిత్రము ‘ది మిత్’ కొంత హంపిలో చిత్రింపబడినది. శిథిలాలయముల నడుమ అతడు పరుగెత్తు ఘట్టములు, జిగురు పట్టెపై పోరాడుట నేటికిని చూడదగినవి, అచ్చట దేహమున్నది. 2017లో వచ్చిన ‘కుంగ్‌ఫూ యోగా’లో కంప్యూటరు చిత్రణము విరివిగా చేరినది, సింహము కూడ యంత్రకల్పితమే. అబద్ధము నేర్పుగా దాగినపుడు నిజమును గుర్తించు ఆనందము ప్రేక్షకునకు తగ్గును.

దోషములు లేవని కాదు. పలు చిత్రములలో స్త్రీపాత్రలు అలంకారప్రాయములు. నత్తివానిని, లావుపాటివానిని చూపి తేలికగా నవ్వించు అలవాటు మిక్కిలి. మద్యపానమే బలమన్నట్లు చూపుట పిల్లలకు హితము కాదు. వీనిని పెద్దలు ప్రక్కన కూర్చుండి చెప్పవలసియున్నది. మెచ్చుకొనుట వేఱు, కన్నులు మూసికొనుట వేఱు.

భాషావిషయము మిగిలినది. పెదవులకును మాటలకును పొత్తు కుదరదని తెలుగు ధ్వని చేర్చిన ఈ చిత్రములను ఆక్షేపింతురు. కాని ఆ కాలపు హాంకాంగు చిత్రములలో మూలమునందును ధ్వని తరువాత చేర్చినదే. పొత్తు అచ్చటను అంతంతమాత్రమే. పెదవి నుండి విడివడుటచే మాట స్వేచ్ఛ పొందినది. తెలుగు సంభాషణకర్త ఆ ఎడములో సామెతను, తిట్టును, ఊతపదమును ఇమిడ్చి చీనా గురువును తెలుగు తాతగా మార్పగలడు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ వంటి చోట, తెలుగు చదువుట కంటె వినుటయే ఎక్కువగా గల పిల్లవానికి ఈ మాటలు తేలికగా పట్టుబడును. పాఠ్యపుస్తకములోని పదమును అతడు పరీక్ష దాఁక మోయును. నవ్వుతో వచ్చిన పదమును ఆటస్థలమునకు తీసికొనిపోవును. భాష నిలుచుట రెండవచోటనే.

అంతకంటె ముఖ్యమైనది మఱియొకటి. చవుకదానిని చూచి నవ్వుమని పిల్లలకు నేర్పినచో, తక్కువ సాధనములతో పని చేయువారందఱిని జూచి నవ్వుట వారు నేర్తురు. చీకిన తెర వెనుక బొమ్మలాడించువాడును, అద్దె గుడారమున నాటకమాడువాడును, నల్లబల్లయు సుద్దముక్కయు మాత్రమే గల బడియు ఆ నవ్వునకు గుఱి యగును. దానికి మాఱుగా, కృత్రిమమేది, శ్రమ యేది యని విడదీసి చూచుట నేర్పినచో, ఈ చిత్రములే మంచి పాఠములగును. తెలుగు సంఘములు తమ పరిశోధనలలో కావ్యనాటకములతో పాటు సురభికిని, తోలుబొమ్మలకును, విఠలాచార్యకును చోటిచ్చుట ఇందుకే ఆవశ్యకము. ప్రవాసమందలి పిల్లవాడు భాషకు ముందు దేహమును, దేహముతో పాటు నవ్వును గ్రహించును. ఆ వెనుక తెలుగు వచ్చును.