పెడల్‌బోర్డు కట్టే చేతులు

గిటారిస్టు వేళ్లకు చప్పట్లు కొడతాం. అతని కాళ్ల దగ్గర పెడల్‌బోర్డు కట్టిన మనిషి ఎవరని అడగం. పాట మధ్యలో డిస్టార్షన్ ఆపి డిలే, రివర్బ్ తెరవాలంటే మూడు పెడళ్లు తొక్కాలి. ఉన్నది ఒక్క పాదం, ఒక్క క్షణం. లాస్ ఏంజెలెస్‌లో బాబ్ బ్రాడ్‌షా అనే పనివాడు గిటారిస్టు స్టీవ్ లూకథర్ వంటివాళ్లకు కట్టిన స్విచింగ్ వ్యవస్థలు విప్పింది ఈ చిక్కునే. ఒక్క స్విచ్ తొక్కితే చాలు.

ఇలా పెడళ్లకు ఒకేసారి పని చెప్పే భాష మిడి. 1983లో వచ్చిన ఈ మిడి కేబుల్లో ధ్వని పోదు, ఆజ్ఞలే పోతాయి. ఏ ఆజ్ఞ ఎక్కడ వాడాలన్నదే అసలు నేర్పు. ప్రోగ్రామ్ చేంజ్ ముందే దాచుకున్న అమరికను మొత్తంగా పిలుస్తుంది. కంట్రోల్ చేంజ్ ఒక్క నాబ్‌ను 0 నుంచి 127 దాకా తిప్పుతుంది. డిలే మెల్లమెల్లగా ఉబ్బాలంటే ఇదే దారి. పాట మారినప్పుడు మొదటిది, పాట లోపల రెండోది వాడే పద్ధతి నాకు నచ్చుతుంది. అమరికలు మరీ పెరిగితే వాయించేవాడు గుమస్తా అయిపోతాడు! మిడి తెలియని పాత ఫజ్ పెడల్‌ను పారేయక్కర్లేదు, మిడి ఆజ్ఞతో పెడల్‌ను దారిలోకి తెచ్చి తీసే లూప్ స్విచర్‌కు తగిలిస్తే సరి.

ఇంకో తిరకాసుంది. కొన్ని పెడళ్లు అమరికల లెక్క 0తో మొదలుపెడతాయి, కొన్ని 1తో. మంచి పనివాడు ఆ తేడా ముందే పట్టి, మిడికి ఉన్న 16 చానెళ్లలో ఏది ఏ పెడల్‌దో చీటీ రాసి బోర్డు అడుగున అంటిస్తాడు.