నీలిపెట్టెలోనికి సహచరిని పిలుచుట

తాను ప్రేమించిన కథను తన మనిషికి పరిచయము చేయుట పైకి సులభముగా తోచును గాని, ఆ కథ అరువదియేండ్లకు పైబడినదై, ఎనిమిదివందలు దాటిన భాగములతో, ఒకే నాయకుని పాత్రను పన్నిద్దరికి పైగా నటులు ఒకరి వెనుక నొకరు ధరించిన సుదీర్ఘ ధారావాహిక యైనపుడు, ఎక్కడ మొదలుపెట్టవలె, ఎంత చెప్పవలె, ఎప్పుడు నోరు మెదపక కూర్చుండవలె ననునవి నిజముగా ఆలోచింపదగిన విషయములగును. బి.బి.సి. వారి 'డాక్టర్ హూ' అట్టి కథ. బ్రిటన్ దేశమున అది తండ్రినుండి బిడ్డకును, భార్యనుండి భర్తకును, భర్తనుండి భార్యకును సంక్రమించుచు వచ్చిన గృహాచారము. అందువలన దానిని పరిచయము చేయుట కూడ కొన్ని మెలకువలతో కూడిన విద్యగా పరిణమించినది. ఆ విద్య ఆ ధారావాహిక నిర్మాణములోనే ఇమిడియున్నదనియు, చూపించువారు దాని అడుగుజాడలలో నడచిన చాలుననియు నా నమ్మకము.

ఎరుగనివారి కొరకు కొంత చెప్పవలెను. డాక్టరని మాత్రమే పిలువబడు ఒక గ్రహాంతరవాసి, వెలుపల లండన్ వీధులలోని పోలీసు టెలిఫోను పెట్టెవలె నీలిరంగుతో నిలువెత్తున నుండి, లోపల మహాసౌధమంత విశాలమైన టార్డిస్ అను వాహనమునెక్కి, గతించిన కాలములకును రాబోవు కాలములకును పోవుచు, ఆపదలోనున్నవారిని ఆయుధముకంటె బుద్ధినే నమ్ముకొని ఆదుకొనుచుండును. ఒంటరిగా తిరుగుట ఆయనకు కిట్టదు. సామాన్య మానవులలోనుండి ఒకరిద్దరిని వెంటబెట్టుకొని పోవును. మరణము సమీపించినపుడు దేహమంతయు మారి, క్రొత్త రూపముతో, క్రొత్త స్వభావముతో లేచును.

మొదటి భాగము 1963 నవంబరు 23వ తేదీ శనివారము సాయంకాలము ప్రసారమైనది. ముందునాడే అమెరికా అధ్యక్షుడు కెనడీ హత్యకు గురియగుటచేత జనుల మనస్సులు ఆ వార్తయందే లగ్నమై యుండెను. కావున మరుసటి వారము రెండవ భాగమునకు ముందు మొదటిదానిని మరల చూపిరి. పుట్టిన వారమునకే ఈ కథ రెండవసారి పరిచయము కావలసి వచ్చినదన్న మాట. నిర్మాత వెరిటీ లాంబర్ట్ ఇరువదియేడేండ్ల యువతి. దర్శకుడు వారిస్ హుస్సేన్ లక్నోలో పుట్టిన ఇరువదినాలుగేండ్ల యువకుడు. తొలుత తీసినది నాటకవిభాగాధిపతి సిడ్నీ న్యూమన్‌కు నచ్చకపోగా, వారే దానిని మొదటినుండి మరల చిత్రీకరించిరి.

ఆ భాగమును శ్రద్ధగా చూచిన యెడల పరిచయవిద్య యంతయు అందు కానవచ్చును. నాయకుడు వెంటనే మనకు కనబడడు. కనబడువారు ఒక పాఠశాలలోని ఇద్దరు ఉపాధ్యాయులు. ఆమె చరిత్ర చెప్పును, ఆయన విజ్ఞానశాస్త్రము చెప్పును. తమ శిష్యురాలైన సూసన్ కొన్ని సంగతులను పెద్దలకంటె బాగుగ నెరిగియు, మరికొన్ని అతిసామాన్యమైన సంగతులను ఎరుగకుండుట వారికి వింతగా తోచి, ఆమె ఇల్లేదో చూతమని చీకటిపడిన వెనుక పోగా, ఆ చిరునామాలో ఇల్లు లేదు; పాతసామానుల దొడ్డి యొకటి, అందులో నీలిపెట్టె యొకటి, దానికి అడ్డముగా నిలిచిన వృద్ధు డొకడు. వారిరువురు ఆయనను త్రోసికొని లోనికి పోవుదురు. ఇరుకు పెట్టె యనుకొన్నచోట తెల్లని వెలుగుతో విశాలమైన మందిరము ఎదురగును. ఇక్కడ రచయిత చూపిన ఓర్పును నేనెంతయో మెచ్చుకొందును. ఆ ఉపాధ్యాయులు వెంటనే నమ్మరు. ఇదంతయు ఏదో ఆట యందురు. పెట్టె చుట్టును తిరిగి చూచితిని గదా యని ఆయన వాపోవును. వారి అవిశ్వాసమునకు కథ కావలసినంత వ్యవధి నిచ్చినది. ఇంటిలో మన ప్రక్కన కూర్చున్నవారికి ఆ వ్యవధి మనమును ఈయవలెను గదా! "ఇదేమి అట్టపెట్టెల కొలువు?" అని వారనినపుడు నొచ్చుకొని వాదమునకు దిగుట, వారిని గడప దాటకముందే వెనుకకు నెట్టుట యగును.

1989లో ఆగిపోయిన ధారావాహికను, నడుమ 1996లో వచ్చిన ఒక్క చలనచిత్రము తప్ప పదునారేండ్లు మౌనముగా గడచిన పిదప, రసెల్ టి. డేవిస్ కార్డిఫ్ నగరము కేంద్రముగా పునరుద్ధరించినపుడు కూడ ఇదే మార్గము ననుసరించెను. 2005 మార్చి 26న వచ్చిన 'రోజ్' అను భాగమున మనము వెంబడించునది లండన్‌లో బట్టల దుకాణమున పనిచేయు ఒక పడుచును. దుకాణపు నేలమాళిగలో బొమ్మలు ప్రాణము వచ్చి మీదికి నడచుచుండగా, ఎవరో చేయి పట్టుకొని పరుగెత్తుమనుటతో ఆమెకును మనకును డాక్టరుతో పరిచయము. పాత ప్రేక్షకునికి తెలిసినదేదియు క్రొత్త ప్రేక్షకునికి అవసరము లేకుండ కథను కూర్చుట సామాన్యమైన ప్రజ్ఞ కాదు. మన బుర్రకథలో కథకునికి ఇరుప్రక్కల నిలిచిన వంతలు శ్రోతల పక్షమున ప్రశ్నించుచు, ఆశ్చర్యపడుచు కథను ముందుకు నడపుదురు. డాక్టరు వెంట నడచు సహచరుల పని యిదియే. ప్రశ్నలడుగుటకు తెరమీదనే ఒకరుండగా, సమాధానములతో మనము మధ్యలో దూరుట ఆ పాత్రను అపహరించుటయే.

ఎక్కడనుండి మొదలుపెట్టవలెనను విషయమున అభిమానులలో ఏకాభిప్రాయము లేదు. 1963నుండి వరుసగా రావలెననువారున్నారు. అది భక్తియే గాని పరిచయము కాదని నా అభిప్రాయము. ఓపిక గలవారికి 'రోజ్' సరియైన ద్వారము. ఒక్క సాయంకాలమే దొరికినచో నేను 'బ్లింక్'నే చూపుదును. 2007లో వచ్చిన ఈ భాగమును స్టీవెన్ మోఫట్ రచించెను. ఇందు డాక్టరు కనబడుట చాల తక్కువ. ఎవరైన చూచుచున్నంతసేపు రాతివిగ్రహములై నిలిచి, రెప్పవాల్చినంతనే దగ్గరకు జరుగు దేవదూతల ప్రతిమలే ఇందలి భయహేతువు. పూర్వకథ ఒక్క ముక్కయు తెలియనక్కరలేదు.

మా ఇంట దీనిని పెట్టిన రాత్రి నా భార్య బఠాణీలు ఒలుచుచు, సగము చూపు పళ్లెముమీదను సగము తెరమీదను ఉంచి కూర్చుండెను. కొంతసేపటికి ఒలుచుట ఆగినది. పాడుబడిన ఇంటిలో ఆ భాగపు నాయికయైన పడుచు వెనుదిరిగి యుండగా, తెరమీద విగ్రహమొక్కటే కనబడు ఘట్టమున ఆమె నా మోచేయి పట్టుకొని, "ఏమండీ, ఆ పిల్ల చూడనప్పుడు కూడా ఆ బొమ్మ కదలటం లేదు, గమనించారా? అక్కడ ఇంకెవరూ లేరు, మనమే చూస్తున్నాం. అంటే మనం చూస్తున్నామని కూడా దానికి తెలుసన్న మాట!" అనెను. మిగిలిన భాగమంతయు ఆమె రెప్పవేయకుండుటకు నిజముగా ప్రయత్నించెను. ఆ శిల్పరహస్యమును నేను ముందే చెప్పియున్నచో ఆమెకు అది ఒక సమాచారము మాత్రమై యుండెడిది. తానే కనుగొనుటచేత ఆ కథ ఆమె సొత్తయినది. చూపించువాడు మౌనము వహింపవలెనని నేను ఇంతగా చెప్పుటకు కారణమిదియే.

శీర్షికాసంగీతమును మాత్రము దాటవేయనీయరాదు. రాన్ గ్రేనర్ కూర్చిన ఆ బాణీని, సింథసైజరులు వాడుకలోనికి రాని కాలమున, బి.బి.సి. రేడియోఫోనిక్ వర్క్‌షాపులో డెలియా డర్బిషైర్, మీటిన తంత్రి యొక్క ధ్వనిని, విద్యుదుత్పాదితములైన నాదములను టేపుపై ముద్రించి, ఒక్కొక్క స్వరమును కొలిచి కత్తిరించి, అతికి, నిర్మించినది. ఆమె పేరు తెరమీదికెక్కుటకు 2013 వరకు వేచియుండవలసి వచ్చెను. టార్డిస్ కదలునపుడు వినవచ్చు ఆ ఆయాసపు చప్పుడు బ్రయన్ హాడ్జ్‌సన్ తన తల్లి ఇంటి తాళపుచెవితో పాత పియానో తంత్రులను గీయగా పుట్టినది. ఇట్టి సంగతులు చూచుటకు ముందుకంటె, చూచిన మరునాడు కాఫీవేళ చెప్పుకొనుటకు పనికివచ్చును.

కఠినమైన ఘట్టము నాయకుడు మారునప్పుడు వచ్చును. 1966లో డాక్టరుగా నటించుచున్న విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యము క్షీణింపగా, పాత్రను చంపక, నటుని మార్చి, ఆ మార్పునే కథలో భాగము చేసిరి. ప్యాట్రిక్ ట్రౌటన్ వచ్చెను. ధారావాహిక దీర్ఘాయువునకు ఈ ఉపాయమే మూలము. కాని ఒక డాక్టరును మనసార ప్రేమించిన క్రొత్త ప్రేక్షకురాలికి అది చావే. అప్పుడు "తరువాతివాడు ఇంతకంటె బాగుండును" అని ఓదార్చుట క్రూరత్వము. నాలుగు దినములు ఊరకుండవలెను. ఆమెకు క్రొత్తవాడు నచ్చకపోవచ్చును, మనకు నచ్చనివాడు నచ్చవచ్చును. ఎవరి డాక్టరు వారికుండుట ఈ సంప్రదాయములో అంగీకృతమైన ధర్మము.

ఇంత శ్రమకు ఫలమేమి యని అడుగవచ్చును. ఒకరి బాల్యము రెండవవారికి తెలియదు. దంపతులు ఒకరి గతములోనికి మరియొకరు పోలేరు. కాని మనము ఏ వయస్సులో దేనికి భయపడితిమో, దేనికి కన్నీరు పెట్టితిమో, వారి ప్రక్కన కూర్చుండి మరల చూడవచ్చును. ఈ మాటను కథావస్తువుగనే గ్రహించినది 2018లో వినయ్ పటేల్ రచించిన 'డీమన్స్ ఆఫ్ ద పంజాబ్'. డాక్టరు వెంటనున్న యాస్మిన్ ఖాన్ తన అమ్మమ్మ యౌవనమును చూడగోరి 1947 ఆగస్టునాటి పంజాబునకు పోయి, ఆమె ఒక హిందూ యువకుని వివాహమాడుటను, దేశవిభజన ద్వేషము ఆ యువకుని బలిగొనుటను కన్నులార చూచును. చూచియు చరిత్రను మార్పజాలక తిరిగి వచ్చును. ఆ భాగాంతమున పరిచితమైన శీర్షికాసంగీతము భారతీయ గాత్రముతో వినవచ్చినపుడు, ఇంతకాలము పరదేశపు కథగా చూచిన భారతీయ దంపతులకు కలుగు చలనమును నేనెరుగుదును.

ఇక నలుపుతెలుపుల కాలమునకు ఎప్పుడు పోవలెను? వారంతట వారడిగినపుడు. ఆ కాలపు టేపులను సంస్థ చెరిపివేయుటచేత తొంబదికి పైగా భాగములు దృశ్యరూపమున దొరకవు. ఆనాటి ప్రేక్షకులు ఇండ్లలో నమోదుచేసికొన్న ధ్వని మాత్రము అన్నింటికిని మిగిలినది. పోయి దొరికినవాటిలో, 2013లో నైజీరియా దేశమున బయటపడిన 'ది ఎనిమీ ఆఫ్ ద వరల్డ్' మొదట చూపదగినది. ఇందు ట్రౌటన్ డాక్టరుగను, లోకమును చేజిక్కించుకొనజూచు సాలమాండర్ అను దుష్టునిగను రెండు పాత్రలు ధరించెను. ద్విపాత్రాభినయముతో పెరిగిన తెలుగు ప్రేక్షకులకు దీని రుచి వేరుగా చెప్పనక్కరలేదు. ఆరు భాగములను ఆరు సాయంకాలములలో చూచుట మేలు. ప్రతి భాగాంతమునందలి ఉత్కంఠ ఆనాటి ప్రేక్షకుని వారము దినములు పట్టియుంచుటకై కూర్చబడినది. కనీసము ఒక రాత్రియైన దానిని పోనీయక నిలుపుకొన్నచో, మరునాటి ఉదయమున ఆమె తానుగా ఊహలు చెప్ప మొదలిడును, మీరు అప్పుడు కూడ జవాబు చెప్పకుడు.