నెమలిగుండంలో గుండ్లకమ్మ

జలపాతమనగానే ఎన్ని అడుగులని అడిగేవాళ్లకు నెమలిగుండం ఆనదు. వాళ్లు తలకోనకు వెళ్లి మెడ వెనక్కి వాల్చి తనివితీరా చూసుకోవచ్చు. రాచర్ల మండలం జె.పి. చెరువు దాటి నల్లమలలోకి వచ్చేవాళ్లు కొలబద్ద ఇంట్లో వదిలేసి, తీరిక వెంట తెచ్చుకోవాలి.

శ్రావణ భాద్రపదాల్లో, రెండు మంచి వానలు పడ్డాక రండి. కంభం, గిద్దలూరు, మార్కాపురం పల్లెలు మబ్బు కోసం ముఖం వాచిన పల్లెలు. అందుకే ఇక్కడివాడికి ఏటి చప్పుడు చెవిన పడితే చాలు, ఒళ్లు పులకరిస్తుంది. తడిసిన వెదుళ్లు దారి మీదికి వంగుతాయి. టేకాకుల మీద చినుకులు డప్పు కొడతాయి. లోయలో ఎక్కడో కణుజు ఒక్క అరుపు అరిచి ఊరుకుంటుంది. దాంతో అడవంతా చెవులు రిక్కిస్తుంది. గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం పరుచుకున్న నల్లమల ఇది. పెద్దపులీ చిరుతా, ఎలుగుబంటీ రేచుకుక్కా మసలే చోటు. అవి కంటబడాలని పట్టుబట్టకండి. తడి ఇసుకలో దుప్పుల గిట్టల అచ్చులు, వాటిలో ఊరుతున్న నీటిచెలమలు చాలవూ?

ఇక ఏరు. గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి, రాళ్ల మీద గంతులేస్తూ వచ్చిన గుండ్లకమ్మ, రెండు కొండలు ఇరుకున పెట్టేసరికి ఒళ్లు ముడుచుకుని, ఉరిమి, తెల్లగా విరిగి దూకుతుంది. అందరూ ఆ దూకుడునే ఫొటో తీస్తారు. నా కళ్లు మాత్రం దాని కింది మడుగునే అంటిపెట్టుకుంటాయి. అంత హడావిడిగా పడిన నీరు నాలుగు బారలు సాగేలోగా ఎంత ఒద్దికగా సర్దుకుంటుందో! నురుగు తునకలు బండవారగా మెల్లగా ఒక చుట్టు తిరుగుతాయి, మద్దివేరు తగిలి ఆగుతాయి, మళ్లీ కదులుతాయి. ఆ పచ్చని లోతు మీదుగా లకుముకిపిట్ట నీలంగా గీత గీసి పోతుంది. కాళ్లు ముంచితే చేపపిల్లలు వేళ్లు కొరికి చూస్తాయి. ఆహా, రౌద్రమూ శాంతమూ ఒక్క చూపులో ఇమిడిపోయిన చోటు ఇంతకన్నా ఏముంది!

మయూర మహర్షి తపస్సు చేశాడనీ, నెమలి రూపంలో ముక్కుతో తవ్వగా గుండం ఏర్పడిందనీ స్థలపురాణం. పక్కనే రంగనాయకస్వామి కొలువు. శేషశాయికి ఆ నీటిహోరే జోలపాట.

అక్కణ్ణించి ఏరు కంభం చేరుతుంది. అక్కడా కొండల నడుమ సందే, అక్కడా ఆగిన నీరే. అయితే ఆపింది మనిషి. విజయనగర కాలంలో వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకునే ఆ చెరువుకు 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. కట్ట వేసినవాళ్లు ముందు నెమలిగుండం చూసే ఉంటారని నా ఊహ, రుజువు అడగకండి. కొండలు చేసిన పనినే కట్టతో చేసి, మడుగును కనుచూపు మేర సాగదీశారు.

రెండూ ఒక్క రోజులో చూడొచ్చు. కాకపోతే ముందు గుండం, తరవాతే చెరువు. చెరువు ముందు చూస్తే కన్ను ఆ విశాలానికి మరిగిపోతుంది. తరవాత ఎంత మంచి మడుగైనా ఇరుకుగానే తోస్తుంది.