చీరాల చిటికి లెక్క

ఇప్పుడు బట్టల డిజైన్లను కంప్యూటర్లో లెక్కలతోనే గీస్తున్నారు; ఒక్క అంకె మారిస్తే డిజైనంతా దానంతటదే సర్దుకుంటుంది. దాన్ని త్రీడీ ప్రింటర్ నెట్ బట్ట మీద పొరలుపొరలుగా పోస్తుంది. ముచ్చటైన పనే. కానీ లెక్కతో నమూనా పుట్టించడంలో నా ఓటు చీరాల తేలియా రుమాలుకే.

ఇక్కడ డిజైన్ బట్ట మీద వెయ్యరు, బట్ట పుట్టకముందే నూలుకు కడతారు. ముందు నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెడతారు. అలిజరిన్ అనే ఎర్ర రంగును పోగు గట్టిగా పట్టుకునేది అందువల్లే. హిందీలో ‘తేల్’ అంటే నూనె; తేలియా అన్న పేరూ అందుకే. తర్వాత గ్రాఫు కాగితం మీద గళ్లు లెక్కపెట్టుకుంటూ, రంగు అంటకూడని చోటల్లా పోగుల కట్టను బిగిస్తారు; ఈ పనినే చిటికి అంటారు. ఎరుపుకోసారి, నలుపుకోసారి. పడుగుకు వేరు, పేకకు వేరు. మగ్గం మీద రెండూ కలిసినచోట పువ్వు తేలాలి. నూలుపోగంత జరిగినా అంచు చెదురుతుంది. అప్పుడు నేతగాడు పేకను వేలితో లాగి సర్ది, మళ్లీ నాడె విసురుతాడు.

పువ్వులతో ఆగారా? గడియారాలు, విమానాలు కూడా కట్టారు! ఒకప్పుడు ఈ రుమాళ్లు అరబ్బు దేశాలకు, ఆఫ్రికాకు ఓడలెక్కాయి. 2020లో భౌగోళిక గుర్తింపు (జీఐ) మాత్రం ఈ విద్య నేర్చి నిలబెట్టిన తెలంగాణ పుట్టపాకకు దక్కింది. న్యాయమే. చీరాల వైపు మనిషికి కాస్త కినుక ఉంటే ఉండనివ్వండి.