రాతికి తగిన మాట

ఇంగ్లిషులో ఒకరి వచనాన్ని మెచ్చుకోవడానికి అరుదుగా వాడే విశేషణం ఒకటుంది: లాపిడరీ. ఒక్క మాట చేర్చినా, తీసేసినా చెడిపోయేంత బిగువైన రాత అని భావం. లాటిన్‌లో లాపిస్ అంటే రాయి. మొదట్లో ఇది రత్నాలకు సానపట్టేవాడి పేరు. 18వ శతాబ్దానికి శాసనాల శైలికీ, తర్వాత అలాంటి వచనానికీ వర్తించింది. పాడుబడ్డ ఇంటిని డైలాపిడేటెడ్ అంటారే, అందులో ఉన్నదీ ఈ రాయే.

ఈ మాట నాకు ఒంటబట్టింది నిఘంటువులో కాదు, ఆళ్లగడ్డలో. నంద్యాల నుంచి కడప వెళ్లే దారిలో శిల్పుల ఊరు. యంత్రాలొచ్చినా ఉలి, సుత్తి మూలపడలేదు. దేవతా విగ్రహాల నడుమ ఒకాయన గుడికి దాత పేరు చెక్కుతున్నాడు. ముందు రంగుతో అక్షరాలు రాసుకుని, వాటి వెంటే ఉలి నడుపుతున్నాడు. మన అక్షరానికి వంపులెక్కువ. వంపు దగ్గర తొందరపడితే అంచు పెచ్చులేస్తుంది, ఇక దిద్దుకోవడం ఉండదు. దాత తన బిరుదులన్నీ వేయమన్నాడు. “అన్ని మాటలు పెడితే అచ్చరం సన్నమైపోతాది సామీ. పేరూ ఊరూ ఉంటే సాలు” అన్నాడు శిల్పి. ఏ సంపాదకుడూ నాకు ఇంత సూటిగా చెప్పలేదు.

రాజుల బిరుదులను ఏకరువు పెట్టే శాసనాలు మనకూ తక్కువేం కాదు. అవి నాకు రుచించవు. దానం సంగతికి వచ్చేసరికి మాత్రం మాట బిగుస్తుంది: ఎవరు, ఎవరికి, ఏమిచ్చారు. కళింగ దండయాత్ర రోజుల్లో అహోబిలం వచ్చిన కృష్ణదేవరాయలు నరసింహస్వామికి సమర్పించిన హారం, కెంపుల కడియాలు, బంగారు పళ్లెం మనకు తెలిసింది అక్కడి శాసనం వల్లే. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్లలో దొరికిన రేనాటి చోళ ధనంజయుని శాసనం క్రీ.శ. 575 నాటిదంటారు. విరిగి, కొంత చెరిగిపోయినా తొలి తెలుగు శాసనంగా నిలిచింది ఆ రాయే.

“దీన్ని చెరిపినవాడు పంచమహాపాతకుడవుతాడు” అని ఎన్నో శాసనాలు చివర హెచ్చరిస్తాయి. అయినా గుళ్లలో శాసనాల మీద సున్నం కొడుతున్నాం, రంగులు పూస్తున్నాం, నూనె దీపాలు పెడుతున్నాం. ఆలయ కమిటీల పెద్దలారా, ఈసారి గుడికి రంగులు వేయించేటప్పుడు అక్షరాలున్న రాళ్లను దయచేసి వదిలేయండి.