ఫెర్రర్ ఇంటిపేరులో కొలిమి

అనంతపురం జిల్లా పల్లెల్లో ఫాదర్ ఫెర్రర్ పేరు వినని ఇల్లు అరుదు. 1920లో బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడికొచ్చి ఆర్డీటీ అనే సేవాసంస్థను స్థాపించారు. 2009లో ఇక్కడే కన్నుమూశారు. ఆయన కట్టించిన ఆసుపత్రుల గురించి, బడుల గురించి చాలామంది రాశారు. నన్ను పట్టుకుని వదలనిది ఆయన ఇంటిపేరు. కటలాన్ భాషలో ఫెర్రర్ అంటే కమ్మరి.

మధ్యయుగాల స్పెయిన్‌లో ఊళ్లో నలుగురు పెద్రోలుంటే ఏ పెద్రో అన్నది తేలడానికి తండ్రి పేరో, ఊరి పేరో, చేసే పనో జోడించేవారు. పనిని బట్టి పిలవాలంటే ఆ పని చేసేవాళ్లు ఊళ్లో కొద్దిమందే ఉండాలి. అందరూ సేద్యం చేసేచోట సేద్యగాడు పెద్రో అంటే ఎవరికి అర్థమవుతుంది? కమ్మరి పెద్రో అంటే చాలు. నాగలి కర్రు సాగగొట్టాలన్నా, కంచరగాడిదకు లాడం వేయాలన్నా అందరూ వెళ్లేది అతని దగ్గరికే. అందుకే ఈ పేరు దేశమంతా మొలిచింది. కటలోనియాలో ఫెర్రర్, గలీసియాలో ఫెర్రెయిరో, కాస్టీల్‌లో ఎర్రెరో. మూడింటికీ మూలం ఇనుముకు సంబంధించిన ఒకే లాటిన్ మాట. ఎర్రెరా మాత్రం ఎక్కువగా ఊరిపేరు నుంచి వచ్చింది. ఎస్కోరియల్ రాజసౌధాన్ని తీర్చిదిద్దిన హువాన్ దె ఎర్రెరా పూర్వీకులు సుత్తి పట్టినవాళ్లే అయివుండాలని ఏమీ లేదు.

పైరెనీస్ కొండల్లో ఇనుము తీసిన తీరు నాకు మహా ఇష్టం. ఈ ఇంటిపేర్లు స్థిరపడ్డ చాలాకాలానికి, 17వ శతాబ్దం నుంచి, అక్కడి కొలిముల్లో తిత్తులు పోయి నీళ్లొచ్చాయి. వాగునీటిని ఎత్తు నుంచి గొట్టంలోకి వదిలితే, పడే నీరు పక్క రంధ్రాల గుండా గాలిని లోపలికి లాక్కుపోతుంది. అడుగున పెట్టెలో నీరు ఒకవైపు వెళ్లిపోతుంది, గాలి నిప్పుల మీదికి వీస్తుంది. అదే వాగు చక్రాన్ని తిప్పితే పెద్ద సమ్మెట లేచి పడుతుంది. అండోర్రాలో ఫార్గా రోస్సెల్ అనే కొలిమి 1876 దాకా ఇలాగే నడిచింది. ఇప్పుడది మ్యూజియం.

పేరు మాత్రం పనిని ఎప్పుడో విడిచింది. 14వ శతాబ్దపు వలెన్సియాలో పుట్టిన సెయింట్ విన్సెంట్ ఫెర్రర్ తండ్రి దస్తావేజులు రాసే నోటరీ. అయినా ఇంటిపేరు కమ్మరే.

చేతిపని చేసేవాళ్లను మనలాగే స్పెయిన్ కూడా తక్కువగానే చూసింది. తోలు, ఇనుము, చెక్క, బట్ట పట్టిన కుటుంబాలకు చాలాచోట్ల పట్టణ పాలన పదవులు అందేవి కావు. 1783 మార్చిలో మూడో కార్లోస్ రాజు ఉత్తర్వు జారీ చేశాడు: తోళ్లు ఊనడం, కమ్మరం, దర్జీపని, చెప్పులు కుట్టడం, వడ్రంగం గౌరవమైన వృత్తులేననీ, వాటివల్ల మనిషికీ కుటుంబానికీ మచ్చ రాదనీ, వాళ్లు పదవులకు అర్హులేననీ. రాజు చెప్పగానే మనసులు మారిపోయాయని నేననను. కానీ ఈరోజు స్పెయిన్‌లో కమ్మరి అన్న ఇంటిపేరు ఎవరికీ చిన్నతనం కాదు. టెన్నిస్ ఆటగాడు దావిద్ ఫెర్రర్ పేరు వింటే మనకు గుర్తొచ్చేది 2013 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్.

మన ఫెర్రర్ జీవితమంతా పనిచేసింది, పుట్టుకతో అంటగట్టిన పనుల వల్ల ఊరి చివరికి నెట్టేసిన మనుషుల మధ్య. ఆ పని వదిలి రెండు తరాలైనా, ఆ ఇంటి పిల్లాడు పట్నంలో అద్దె ఇల్లు వెతుక్కుంటే ఇంకా కులమేదని అడుగుతున్నారు. నాకు కోపం తెప్పించేది ఇదే.